దొరసాని మెచ్చిన పీక

గుర్వయ్యకు గొర్రెలున్నాయని ఊరందరికీ తెలుసు. ఆయన సన్నాయి పీకలు చేస్తాడని మాత్రం నరహరికి తప్ప ఎవరికీ పట్టలేదు. పీక అంటే సన్నాయి కొసన పెట్టుకుని ఊదే చిన్న గడ్డినాలుక, బొటనవేలి గోరుకు కొంచెం పెద్దది. అది లేకపోతే సన్నాయి వట్టి కర్రగొట్టం, పొయ్యి ఊదుకోవడానికి తప్ప పనికిరాదు. మరి అంత ముఖ్యమైన వస్తువు ఎక్కడ పుట్టిందని ఏ పెళ్లిలోనైనా ఒక్క మనిషి అడిగాడా? పప్పులో ఉప్పెక్కువైతే వంటవాణ్ణి పిలిపించి మరీ నిలదీసే జనం, పీక చేసినవాడి పేరు మాత్రం అడగరు. లోకం తీరే అంత, దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే ఈ కథ సాగదు.

కొల్లాపూర్ దాటి కృష్ణ దిక్కు పోతే, ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గిన ఒడ్డున కిక్కస గడ్డి గుబురుగా పెరుగుతుంది. మనిషికి రెండింతల ఎత్తు, లోపలంతా డొల్ల. వెనకట తడికలకూ పైకప్పులకూ కోసుకునేవారు. రేకులొచ్చాక దాని మొహం చూసేవాడు లేడు, గుర్వయ్య గొర్రెలు తప్ప. ఇరవై ఏళ్ల కింద ఒకనాడు గుర్వయ్య మంద తోలుకుని అటు పోతే, కిక్కసలోంచి ఎవరో దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలుస్తున్నారు. చూస్తే తెల్ల పంచె కట్టుకున్న మనిషి మోకాళ్ల దాకా బురదలో దిగబడి ఉన్నాడు. గుర్వయ్య ఆకు కోసే దోటి అందించి లాగాడు. మనిషి వచ్చాడు, చెప్పులు రాలేదు. ఆ చెప్పులు ఇప్పటికీ కృష్ణమ్మ దగ్గరే ఉన్నాయి.

ఆ మనిషే నరహరి. కొల్లాపూర్ నేతింటివాడు. పెళ్లిళ్లు లేని నెలల్లో మగ్గం నేస్తాడు, ఉన్న నెలల్లో సన్నాయి ఊదుతాడు. అరవదేశం నుంచి తెప్పించుకునే పీకలు ఇక్కడి ఎండకు నెర్రెలిచ్చి పోతున్నాయని, ఇక్కడి గడ్డితో ఇక్కడే చేసుకుందామని బయల్దేరి బురద పాలయ్యాడు. నదిలో దిగడం ఆయన వల్ల కాదని తేలిపోయింది గనక, ఆనాటి నుంచి కోసే పని గుర్వయ్యది, ఊదే పని నరహరిది. కొన్నేళ్లకు చెక్కే పని కూడా గుర్వయ్య మీదే పడింది. అట్లా ఇద్దరూ అన్నా తమ్ముడూ అనుకునేంత దగ్గరయ్యారు.

పీక చేయడం చెప్పినంత సులువు కాదు. లేత కిక్కస పనికిరాదు, ముదిరి కంకి వేసి రంగు తిరిగినదాన్ని మాఘమాసంలో కోయాలి. ఎండబెట్టాలి. తర్వాత ఏడాది పాటు పొయ్యి మీద వాసానికి వేలాడదీసి పొగ పట్టించాలి. ఆ ఏడాది పొడుగునా గుర్వయ్య భార్య గుర్వమ్మ రోజుకోసారి తలకు ఆ కట్ట తగిలి, రోజుకోసారి మొగుణ్ణి తిడుతుంది. ఆ తిట్లు పడితేనే గడ్డి బాగా గట్టిపడుతుందని గుర్వయ్య నమ్మకం. పొగ పట్టిన కిక్కసను మూడు వేళ్ల ముక్కలుగా కోసి, గంజిలో ఉడికించి, నొక్కి చదును చేసి, మగ్గం మీద మిగిలిన పట్టుదారంతో మొదలు బిగించి కట్టి, చాకుతో పెదవులు పలచగా గీకాలి. ఎంత పలచగా అన్నదే అసలు విద్య. మందమైతే ఊదేవాడి ప్రాణం పోతుంది. పలచనైతే పాట పోతుంది.

ఆ విద్య గుర్వయ్య ఎక్కడ నేర్చాడంటే, మేక దగ్గర.

నవ్వకండి. సాయంత్రం మంద దొడ్డికి చేరాక గుర్వయ్య బండ మీద కూర్చుని కొత్త పీకను నోట్లో తడుపుకుని ఒట్టిదాన్నే ఊదేవాడు. క్యాఁ మని మేకపిల్ల అరిచినట్టు మోగేది. మందకు ముందు నడిచే మేక ఒకటుండేది, దాని పేరు దొరసాని. తెలంగాణ వచ్చిన ఏడు పుట్టింది, ఆ ధీమా నడకలోనే కనిపించేది. మొదటి ఊదుకే దొరసాని తలెత్తి దగ్గరికొస్తే పీక పాసైనట్టు. దానికి గుప్పెడు జొన్నలు. దాని వెనకే గొర్రెలన్నీ వచ్చేవి, వాటికీ తలా నాలుగు గింజలు రాలేవి. దొరసాని తల తిప్పకపోతే ఆ పీక గొంతు పేలవంగా ఉందని లెక్క, ఇంకోటి ఇంకాస్త మందంగా చెక్కాల్సిందే.

"గొర్లన్నీ ఒచ్చినయి గదా మామా," అని అల్లుడు మల్లేశ్ ఒకసారి అడిగాడు. ఇంట్లోనే ఉండి మందను చూసుకునే అల్లుడు, నెమ్మదస్తుడు.

"గొర్లకేం ఎర్కరా సంగీతం," అన్నాడు గుర్వయ్య.

నూట ఇరవై గొర్రెలు లేచి నిలబడ్డా ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు. దొరసాని మెచ్చాలి, అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

నాలుగేళ్ల నుంచి దొరసాని మరీ మర్యాద కోరుతోంది. ఒక ఊదుకు కదలదు, రెండో ఊదుకు కదలదు. గుర్వయ్య మురిసిపోయాడు. వయసు పెరిగే కొద్దీ దానికి జ్ఞానం పెరుగుతోందనుకున్నాడు. దాని స్థాయికి తగ్గట్టు పీకలు ఏడాదికేడాది మందమవుతూ వచ్చాయి.

సరిగ్గా ఆ నాలుగేళ్ల నుంచే నరహరికి ఊపిరి చాలకుండా పోయింది.

మొన్న వేసవిలో నరహరి గుర్వయ్య ఇంటికొచ్చి మంచం మీద కూలబడి, "గుర్వయ్యా, నేనిగ బంద్ పెడుతున్న. పరశురాములు బిడ్డ పెండ్లే ఆఖరు," అన్నాడు.

"ఎందుకన్నా?"

"ఊపిరి సాల్తలేదు. ఒక్క పాట అందుకుంటే కండ్ల ముంగట చుక్కలు కనవడుతున్నయి."

"దవాఖానకు పోయినవా?"

"మూడు దవాఖానలు తిరిగిన. పాలమూరుల ఫొటో తీసిండ్రు. ఇరవై ఏండ్ల పిలగాని లెక్క ఉన్నయట ఊపిరితిత్తులు. గట్లయితే నేను ఊదే గాలి ఏడికి పోతున్నది సారూ అనడిగిన. ఆయన నా దిక్కు జర సేపు సూసి, టెన్షన్ తీసుకోకు పెద్దమనిషీ అన్నడు."

నరహరి చేయని వైద్యం లేదు. పొద్దున్నే లేచి రబ్బరు బుగ్గలు ఊదేవాడు. ఆ బుగ్గలతో వాడకట్టు పిల్లలంతా ఆడుకునేవారు. మిరియాల కషాయం తాగాడు. మాంసం మానేశాడు, ఆయన మాంసం మానేయడమంటే మాటలు కాదు. పీకను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఊదలేక పీకను తప్పుపడుతున్నాడని జనం నవ్వుతారని సిగ్గు. పైగా చేసింది గుర్వయ్య, తమ్ముడి లెక్క.

ఆయన వెళ్లిపోయాక గుర్వయ్యకు అన్నం దిగలేదు. నరహరి ఊదకపోతే తన పీకలు ఎవరికి? చుట్టుపక్కల సన్నాయి పట్టే మనిషి ఇంకొకడు లేడు. అంతకన్నా బాధ, ఆ మనిషి సన్నాయి లేకుండా ఇంట్లో కూర్చోవడం. కనీసం ఆఖరు పెళ్లికైనా తన బతుకులోకెల్లా గొప్ప పీక ఇవ్వాలని తీర్మానించుకున్నాడు.

ఎనిమిది రోజులు చెక్కాడు. దొరసాని ఒక్కదాన్నీ మెచ్చలేదు. పదకొండో పీక తలుపు చెక్కంత మందంగా వచ్చింది. దాన్ని ఊదేసరికి గుర్వయ్యకే చెవుల్లో గుయ్యిమంది, దొడ్లో గొర్రెలు ఎగిరిపడ్డాయి. దొరసాని తల తిప్పి, లేచి, హుందాగా నడిచి వచ్చింది. గుర్వయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. తన వెనకాల గుర్వమ్మ కుడితి బకెట్ పట్టుకుని నిలబడిందని ఆయన చూసుకోలేదు.

పరశురాములు కూతురు హారిక పెళ్లి కొల్లాపూర్ పొలిమేరలో ఒక ఫంక్షన్ హాల్లో, పగటి ముహూర్తానికి. ఆఖరు సన్నాయి వినకుండా ఎట్లా అని గుర్వయ్య తెల్ల చొక్కా వేసుకున్నాడు. మంద దూరంగా ఉంటే మనసు ఆగదు గనక, హాలు వెనకాల పల్లి పీకేసిన చేనులో మేపుకోమని మల్లేశ్‌కూ గుర్వమ్మకూ చెప్పాడు. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదని ఆయనకనిపించింది.

ముహూర్తం దగ్గరపడింది. పురోహితుడు చెయ్యి ఊపాడు. డోలు కొట్టే సతీశ్ అందుకున్నాడు. నరహరి కొత్త పీక పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. రాలేదు. మళ్లీ ఊదాడు. మొహం ఎర్రబడింది, నీలంగా మారింది, వంకాయ రంగుకొచ్చింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. మూడోసారి ప్రాణం కూడదీసుకుని ఊదితే సన్నాయి పలికింది. ఏం పలకడమండీ అది, ముందు వరసలో ఒకాయన చేతిలో కూల్‌డ్రింక్ జారిపోయింది.

చేనులో నూట ఇరవై గొర్రెలు ఒక్కసారి తలెత్తాయి. పీక మోగిందంటే వాటికి ఒకటే అర్థం, జొన్నలు. అంత గట్టిగా మోగిందంటే బస్తాలకు బస్తాలే. మల్లేశ్ కర్ర అడ్డం పెట్టాడు. ఆ కర్ర తర్వాత ఎవరికీ దొరకలేదు.

హాలు వెనక తలుపు వంటవాళ్ల కోసం తెరిచే ఉంది. మొదట నాలుగొచ్చాయి. పెళ్లికొడుకు తరఫువాళ్లు అది ఇక్కడి ఆచారమేమో అనుకుని పక్కకు జరిగి దారిచ్చారు. తర్వాత మిగతా నూట పదహారూ వచ్చాయి. ద్వారానికి కట్టిన మామిడాకులు పోయాయి. అరటి స్తంభాలు పోయాయి. ఒక పొట్టేలు వేదిక మీదికెక్కి పళ్లెంలో అక్షింతలు నాకి, పెళ్లికొడుకు మెళ్లో దండ కొస పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. నరహరి ఆపాలి కదా. ఆపలేదు, ముహూర్తం వేళ సన్నాయి ఆగితే అశుభమని కళ్లు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. ఆయన ఊదుతున్నంతసేపూ గొర్రెలు వస్తూనే ఉన్నాయి. పురోహితుడు కూడా ఘనుడు, మంత్రం తప్పలేదు. పెళ్లికొడుకు ఒక మోచేత్తో పొట్టేలును నెడుతూ మూడు ముళ్లూ వేశాడు.

"గుర్వయ్యా, ఏందిర ఇది?" అని మండిపడ్డాడు పరశురాములు.

పెళ్లికూతురి నాయనమ్మ నర్సింగమ్మ కుర్చీలోంచి లేవకుండానే, "ఊకో కొడుకా. గొర్లు ఇంట్లకొస్తే లచ్చిమొచ్చినట్లే. అయినా గా దండల పైసలు నువ్వు ఇచ్చినవా, వియ్యంకుడు ఇచ్చిండా?" అంది. దాంతో పరశురాములు కొంచెం చల్లబడ్డాడు.

గుర్వయ్య తల ఎత్తలేక మందను బయటికి తోలుకుంటూ అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. గొర్రెలన్నీ ఉన్నాయి. దొరసాని లేదు.

సిగ్గు పక్కకుపోయి ఆయనకు రోషం వచ్చింది. ఊరంతా అదిరేలా మోగితే గొర్రెలొచ్చాయి, సతీశ్ చెవులు మూసుకున్నాడు, దీనికి మాత్రం నచ్చలేదా? చేనులోకి పోయి చూస్తే దొరసాని తుమ్మచెట్టు నీడన పడుకుని నెమరేస్తోంది. పక్కన గుర్వమ్మ కూర్చుని ఉంది. గుర్వయ్య జేబులోంచి ఇంకో పీక తీసి దొరసాని చెవి పక్కనే పెట్టి ఊదాడు. నెమరు ఆగలేదు. రెండో చెవి దగ్గర ఊదాడు. దొరసాని కన్ను కూడా ఆర్పలేదు.

"దానికెట్ల ఇనవడ్తది?" అంది గుర్వమ్మ. "చెవుడొచ్చి నాలుగేండ్లాయె."

"నాలుగేండ్లా? నాకెందుకు జెప్పలే?"

"నువ్వడిగినవా? చెవిటోని ముంగట శంఖం ఊదినట్లంటరు. నువ్వు మేక ముంగట గూసుండి రోజు ఊదుతుంటివి. ముసలోనికి గదొక సంబురం, ఊదుకోనీ అనుకున్న."

గుర్వయ్య చేనులో గడ్డల మీద కూర్చుండిపోయాడు. అప్పుడు ఒక్కొక్కటే తోచింది. దొరసాని చెవులు మూసుకుపోతుంటే తాను పీకలు మందం చేస్తూ పోయాడు. ఆ మందం పీకల్ని నరహరి చేతిలో పెట్టాడు. నరహరి ఊపిరికి ఏ రోగమూ లేదు. రోగం పీకలో ఉంది, పీక రోగం మేక చెవిలో ఉంది.

"ఇప్పుడు పోయి జెప్తే కొడ్తడు," అన్నాడు.

"కొడితే కొట్టిచ్చుకో," అంది గుర్వమ్మ. "పానం మంచిగున్నోడు రోగమొచ్చిందని బంద్ పెట్టుకుంటుంటే నోరు మూసుకుంటవా?"

హాలు వెనకాల, వంట పూర్తయిన చోట బోర్లించిన గుండిగ మీద నరహరి కూర్చుని ఉన్నాడు. సన్నాయిని పట్టుగుడ్డలో చుడుతున్నాడు. ఆ చుట్టడం చూస్తే గుర్వయ్యకు గుండె చెరువయింది, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు చుడుతున్నాడు.

"అన్నా, నీ ఊపిరికి ఏం గాలే. పీక మందం. నాలుగేండ్ల సంది మందమే."

"ఎందుకు మందం?"

గుర్వయ్య చెప్పాడు. దాచకుండా, జొన్నల సంగతితో సహా మొత్తం చెప్పాడు. నరహరి గుడ్డ చుట్టడం ఆపాడు.

"అంటే, నేను పొద్దుగాల లేసి బుగ్గలు ఊదింది?"

"మేక కోసమే."

"మటన్ బంద్ పెట్టింది?"

"గదీ మేక కోసమే అన్నా."

"నేనిగ బతకననుకోని, నా భార్య ఆండాళును పక్కకు గూసుండబెట్టుకోని ఫొటో దిగి ఫ్రేం కట్టిచ్చిన గదర. గోడకున్నది. దండ ఒక్కటే తక్కువ." నరహరి సన్నాయిని ఒళ్లో పెట్టుకున్నాడు. "రాత్రిపూట ఆండాళు లేసి నా ముక్కు కాడ చెయ్యి పెట్టి సూస్తదిర గుర్వయ్యా. నాలుగేండ్ల సంది సూస్తున్నది."

నరహరి చెయ్యి ఎత్తాడు. దెబ్బ పడుతుందని గుర్వయ్య కళ్లు మూసుకున్నాడు. పడలేదు. కళ్లు తెరిస్తే ఆ చేతిలో పీక ఉంది.

"గీకు," అన్నాడు నరహరి.

గుర్వయ్య చాకు తీశాడు. మెచ్చడానికి ఇప్పుడు మేక లేదు. ఇన్నేళ్లలో తన చెవులతో తాను విని తేల్చుకున్నది ఒక్కటీ లేదని అప్పుడు అర్థమైంది, భయమేసింది. కొంచెం గీకి ఇచ్చాడు. నరహరి ఊదాడు. గుర్వయ్య విని, "ఇంకా బొంగురున్నది, ఇటియ్యి," అన్నాడు. మళ్లీ గీకాడు. నరహరి ఊదాడు. "ఎడమ దిక్కు జర పట్టేస్తున్నది," అన్నాడు గుర్వయ్యే. మళ్లీ గీకాడు, ఈసారి వెంట్రుకవాసి. నరహరి ఊదలేదు, ఊరికే శ్వాస వదిలినట్టు వదిలాడు. సన్నాయి పలికింది. ఆ మనిషి మొహంలో రంగు మారలేదు, నరం లేవలేదు, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

లోపల అప్పగింతలు మొదలయ్యాయి. అప్పగింతల్లో ఆడవాళ్లు ఏడవాలి. ఒక్కరూ ఏడవడం లేదు. పొట్టేలు పెళ్లికొడుకు దండ లాగిన వీడియో చేతులు మారుతోంది, పెళ్లికూతురు హారిక కూడా కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంటోంది. నరహరి లోపలికి పోయి ఒక మూల నిలబడి ఊదడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు. పక్కగదిలో తల్లి ఏదో పాడుకుంటున్నట్టు సన్నగా. ముందు ఒక ఫోన్ జేబులోకి పోయింది. తర్వాత అన్నీ పోయాయి. హారిక నవ్వు ఆగి, నాయన వైపు చూసింది. ఇందాక గొర్రెల మీద మండిపడ్డ పరశురాములు ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సినంతగా ఏడ్చాడు.

గుర్వయ్య తలుపు దగ్గర నిలబడి విన్నాడు. పాటలు తెలిసినవాడు కాదు. కానీ ఒకచోట గొంతు పైకి లేచి సన్నగా నిలబడినప్పుడు అక్కడ తన చాకు తగిలిన జాగా ఆయనకు వినిపించింది. ఇదంతా నేను చెక్కిందేనా అని ఒళ్లు జలదరించింది.

నరహరి ఒక పాట అయిపోయాక ఆగలేదు. రెండోది అందుకున్నాడు, మూడోది అందుకున్నాడు. పెళ్లికూతురు కారెక్కింది, కారు పోయింది, వంటవాళ్లు గిన్నెలు బండికెక్కించుకుంటున్నారు, ఆయన ఇంకా ఊదుతున్నాడు. సతీశ్ చేతులు నొప్పి పుట్టి డోలు దించేశాడు.

చివరికి పెళ్లికొడుకు మేనమామ ఒకాయన మొహమాటంగా దగ్గరికొచ్చి, "శ్రావణంల మా పిలగాని పెండ్లి ఉన్నది పెద్దన్నా. మిమ్ములనే అడుగుదామనుకుంటిమి. గని మీరు ఇయ్యాల్టితోని బంద్ పెడుతున్నరట గదా?" అన్నాడు.

నరహరి సన్నాయి కిందికి దించి, తలుపు దగ్గర నిలబడ్డ గుర్వయ్యను ఒకసారి చూశాడు. తర్వాత మేనమామ వైపు తిరిగాడు.

"ఎవరన్నరు?" అన్నాడు.